లచ్చవ్వ చేతికి ఒదగని తల

పోయిన నెల ఇద్దరు కుర్ర డాక్టర్లు మా ఇంటికి వచ్చారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. పిల్లల పుర్రెకూ ముఖానికీ ఆపరేషన్లు చేసే విభాగంలో కొత్తగా చేరబోతున్నారట. నేను ఆ పనిలోనే తల నెరిపించుకున్నానని ఎవరో చెబితే, ఏ పుస్తకాలు చదవాలో అడగడానికి వచ్చారు. ముందు చేతులు చూపించమన్నాను. అమ్మాయి గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి. అబ్బాయి చేతులు చల్లగా ఉన్నాయి. అవి సరిచేసుకుని రండి, పుస్తకాల సంగతి తర్వాత చూద్దామన్నాను. పాపం, టీ కూడా సగమే తాగి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక మనసు చివుక్కుమంది. ఏదో చెప్పడానికో అడగడానికో వచ్చినవాళ్ళను ఒక్క మాటతో తోలేయడం నా పాత జబ్బు. ఒకసారి ఇలాగే ఒక ముసలామెను తోలేశాను. దాని ఫలితం ఆమె అనుభవించింది, ఒక పసిబిడ్డా అనుభవించింది. ఆ కుర్ర డాక్టర్లకు నేను చెప్పాల్సింది ఆ సంగతి. చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ కరెంటు కేంద్రంలో ఇంజనీరు. వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను చదివింది మరాఠీలో, ఆ తర్వాత ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు మా అమ్మ వంటింట్లో పలక మీద దిద్దించినవే. కాబట్టి పెద్ద భాష ఆశించకండి. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో కూడా ఇందులో ఉండదు. అది నా పిల్లలకే అక్కర్లేదు, మీకేం పనికొస్తుంది.

పని ఏమిటంటే

పుట్టిన బిడ్డ పుర్రె అంతా ఒకే ఎముక కాదు. కొన్ని పలకలు, వాటి మధ్య సన్నటి సందులు. లోపల మెదడు పెరిగేకొద్దీ ఆ సందులు చోటిస్తాయి. ఒక్కోసారి ఏదో ఒక సందు వేళ రాకముందే అతుక్కుపోతుంది. అప్పుడు తల అటు పెరగలేక ఇంకో వైపు పెరుగుతుంది. ఒకటికి మించి అతుక్కుంటే లోపల ఒత్తిడి పెరగొచ్చు, చూపు పోవచ్చు. మేం ఆ ఎముకను విప్పి, తిరిగి అమర్చి, మెదడుకు చోటు చేస్తాం. పెదవి చీలి పుట్టినవాళ్ళు, అంగిలి చీలి పుట్టినవాళ్ళు కూడా మా దగ్గరికే వస్తారు.

చంద్రపూర్‌లో ప్రతి మంగళవారం ఓపీ చూసేదాన్ని. పెదవి, అంగిలి ఆపరేషన్లు ఇక్కడే చేసేదాన్ని. పుర్రె విప్పే పని మాత్రం నాగ్‌పూర్‌లో, మెదడు సర్జన్, మత్తు డాక్టర్, కళ్ళ డాక్టర్ అందరూ పక్కపక్కన ఉండే చోట జరిగేది.

ఈ ఉద్యోగంలో కత్తి పట్టే సమయం చాలా తక్కువ. మిగతాదంతా చూడటం, తాకడం, మాట్లాడటం. మా వరండాలో తల్లులు బిడ్డ ముఖం మీద కొంగు కప్పుకుని కూర్చునేవారు. ఆ కొంగు డాక్టర్ తీయకూడదు. తల్లి తనంతట తాను తీసేదాకా ఆగాలి. కొందరు ఐదు నిమిషాల్లో తీస్తారు. ఒకామె రెండు మంగళవారాలు తీయలేదు, మూడో వారం తీసింది. లోపలి బిడ్డ నన్ను చూసి నవ్వింది. చీలిన పెదవితో నవ్వు ఎంత వెడల్పుగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. నిజం చెప్తున్నా, దాన్ని కుట్టేస్తున్నందుకు నాకు కొంచెం బెంగపుట్టింది.

పెద్దసార్ టీ గ్లాసు

నాకు పని నేర్పిన పెద్దసార్ నాగ్‌పూర్ మనిషి. రౌండ్స్‌కు బయలుదేరే ముందు ఆయనకు గాజు గ్లాసులో పొగలు కక్కే టీ కావాలి. తాగేవారు కాదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నిలబడి, అరచేతులు వెచ్చబడగానే పక్కన పెట్టేసేవారు. క్యాంటీన్ వాళ్ళు తమ టీ ఆయనకు నచ్చడం లేదని చాలా ఏళ్ళు నొచ్చుకున్నారు.

బిడ్డ మంచం దగ్గరికి వెళ్ళగానే ముందు పాదం పట్టుకునేవారు. చూడాల్సింది తలే అయినా పాదంతోనే మొదలు. "తల వాళ్ళ ఇల్లు. వాకిట్లో నిలబడి పిలవకుండా లోపలికి పోతావా?" అనేవారు మరాఠీలో. పాదం ఆయన చేతిలో స్థిమితపడ్డాకే చెయ్యి పైకి వెళ్ళేది. ఇది నేను ఉద్యోగం చివరి రోజుదాకా పాటించాను.

అంత మంచి మనిషికీ ఒక చెడ్డ గుణం ఉండేది. ముసలివాళ్ళంటే, ముఖ్యంగా బిడ్డల వెంట వచ్చే ఆజీలంటే, అదే నాయనమ్మలూ అమ్మమ్మలూ అంటే పడదు. "ఆజీలను బయట కూర్చోబెట్టు. తాయెత్తులు, మాలిష్‌లు తప్ప వాళ్ళకేం తెలుసు" అనేవారు. ఆయన దగ్గర మంచి నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఈ ఒక్క చెడ్డది మాత్రం వారంలో వచ్చేసింది.

రెండో నెలలో

కోర్పనా వైపు పల్లె నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. తాతల కాలం నుంచీ అక్కడే పత్తి, సోయా పండించుకునేవాళ్ళు. తండ్రి మల్లేశ్, తల్లి మంజుల, రెండు నెలల కూతురు శ్రావణి. బిడ్డ మాత్రం మల్లేశ్ తల్లి లచ్చవ్వ ఒడిలో ఉంది. ఆ ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి లచ్చవ్వనే పిలిచేవారు. పద్ధతి మీకు తెలిసిందే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, ఒళ్ళు పట్టి, వేడినీళ్ళు పోస్తారు. గుండ్రంగా రావాలని తల ఒత్తుతారు, కోటేరు తీరాలని ముక్కు నొక్కుతారు. ఒత్తితే తల గుండ్రం కాదు, నొక్కితే ముక్కు తీరదు. అది నాకు ఆ రోజూ తెలుసు, ఇవాళా అదే చెప్తాను.

"డాక్టరమ్మా, ఈ పిల్ల తల నా చేతికి ఒదుగుతలేదు" అంది లచ్చవ్వ.

"ఒదగకపోవడం ఏంది?"

"ఇగో, కణత కాడికెళ్ళి మాడ దాక గట్టు లెక్క తాకుతుంది. రెండు దిక్కుల గూడ. మంచి తలైతే జర ఒత్తితే సందుకాడ అటిటు కదుల్తది. ఇది కదుల్తలేదు. నేను మస్తు మంది పిల్లలకు నీళ్ళు పోసిన. గిసొంటి తల ఎన్నడు చూడలే."

ఇంత చెబితే నా చెవికి ఎక్కింది ఒక్క మాటే, ఒత్తితే అన్నది. నడినెత్తి మీద మాడు తాకి చూశాను. మెత్తగా తెరుచుకునే ఉంది. మాడు తెరిచి ఉంటే సందులన్నీ తెరిచే ఉంటాయనుకోవడం ఈ పనిలో కొత్తవాళ్ళు చేసే పొరపాటు. నేను కొత్తదాన్ని కాను, అయినా చేశాను. కణత దగ్గర వేలు పెట్టి చూడటానికి అర నిమిషం పట్టేది. వరండా నిండా జనం ఉన్నారు, బయట ఎండ మండిపోతోంది, ఎదురుగా ఒక ఆజీ నాకు పాఠం చెప్తోంది.

"పసితల అంటే పిండిముద్ద అనుకున్నవా పెద్దమ్మా? నువ్వు ఒత్తబట్టే ఇట్లయింది. ఇంక తల ముట్టుకోకు" అన్నాను. మల్లేశ్ వైపు తిరిగి, "ఏం భయం లేదు, దానంతటదే సర్దుకుంటది. ఆరో నెలలో ఒకసారి తీసుకురండి" అన్నాను.

లచ్చవ్వ ఏదో అనబోయింది. "డాక్టరమ్మ చెప్తుంది గదనే అవ్వా, ఊకో" అన్నాడు మల్లేశ్. ఆమె బిడ్డను కోడలి చేతికిచ్చి, తన అరచేతులు ఒకసారి చూసుకుంది. అది నేను చూశాను. చూసి, తర్వాతి బిడ్డను పిలిచాను.

నా చేతిరాత

ఆరో నెలలో వాళ్ళు రాలేదు. పత్తి ఏరే రోజులు, పైగా భయం లేదని డాక్టరే చెప్పింది. వాళ్ళను ఏమనడానికీ లేదు. మొదటిసారి వచ్చిన పది నెలలకు మళ్ళీ వచ్చారు, ఈసారి లచ్చవ్వ లేకుండా.

శ్రావణికి ఏడాది నిండింది. తల పైకి ఎత్తుగా పెరిగింది. కళ్ళు ముందుకు వచ్చాయి. "పొద్దుగాల లేవంగనే కక్కుతుంది మేడమ్. తలకాయ గోడకేసి కొట్టుకుంటది. ఎందుకో సమజైతలేదు" అంది మంజుల. నేను పాదం పట్టుకున్నాను, తర్వాత కణతల మీద వేళ్ళు పెట్టాను. కణత నుంచి మాడు దాకా, రెండు వైపులా, గట్టు. లచ్చవ్వ చెప్పింది చెప్పినట్టే నా వేళ్ళకు తగిలింది. తర్వాత స్కాన్‌లోనూ అదే కనిపించింది. కంటి నరం వాచిందని, ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని కళ్ళ డాక్టర్ అన్నారు.

పాత కాగితం తీసి చూశాను. నా చేతిరాతే. నాయనమ్మ తల ఒత్తుతోంది, మానమన్నాను, భయం లేదు. మూడు ముక్కలు రాశాను కానీ ఆమె చెప్పిన ఒక్క ముక్కా అందులో లేదు.

"అవ్వ రాలేదా?" అని అడిగాను.

మల్లేశ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఆమె చెయ్యి వడే గదా మేడమ్ గిట్లయింది. పిల్లను ముట్టనిస్తలేం. ఊర్లె గూడ ఎవ్వలు పిలుస్తలేరు ఆమెను, నీళ్ళు పోయనీకి."

"ఆమె ఒత్తడం వల్ల కాలేదు మల్లేశ్, కడుపులో ఉన్నప్పుడే అతుక్కుంది" అన్నాను. అతను తలూపాడు, నమ్మలేదు. ఎలా నమ్ముతాడు, అంతకుముందు అలా అన్నదీ నేనే. అసలు మాట, అంటే ఆమె రెండో నెలలోనే కనిపెట్టి నాకు చెప్పిందన్నది, నేను మింగేశాను. ఆపరేషన్‌కు ముందు నా మీద నమ్మకం పోతే బిడ్డకే నష్టమని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు సిగ్గేసింది, అంతే.

కళ్ళు మూసుకుపోయిన రెండు రోజులు

నాగ్‌పూర్‌లో ఆపరేషన్ బాగా జరిగింది. ఎలా చేశామన్నది మీ పుస్తకాల్లో ఉంటుంది, నేను రాయను. మీ పుస్తకాలు నాలుగు ముక్కల్లో తేల్చేసే ఆ తర్వాతి వాపు గురించి రాస్తాను. నుదురు విప్పి అమర్చాక, మర్నాటికి రెప్పలు ఉబ్బి రెండు కళ్ళూ మూసుకుపోతాయి. రెండు మూడు రోజులకు అదే దిగుతుంది. అమ్మానాన్నలకు ముందే చెప్తాం. ఏడాది బిడ్డకు ఎవరు చెప్తారు?

శ్రావణికి లోకమంతా ఆరిపోయింది. ఒకటే ఏడుపు. ఎత్తుకోవడానికి లేదు, తలకు కట్టు, గొట్టాలు. ఏడ్చిన కొద్దీ వాపు పెరుగుతుంది, గొట్టంలో రక్తం ఎక్కువ వస్తుంది. ఇంకా మత్తు ఇవ్వడం మంచిది కాదని మత్తు డాక్టర్ అన్నారు. మంజుల పాడింది, సిస్టర్ జోకొట్టింది, నేను పాదం పట్టుకున్నాను. నా చెయ్యి తగలగానే ఇంకా గట్టిగా తన్నింది. కొత్త చెయ్యి, ఎందుకు తన్నదు.

మంజుల నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పింది. "మేడమ్, మా ఆయనకు జెప్పకుండ్రి. నేను పత్తికి వోయినప్పుడు పిల్లను అత్త కాడనే ఇడిసిపెడ్తుంటి. ఆమె తల అసలు ముట్టలే. డాక్టరమ్మ తల ముట్టకన్నది గని కాళ్ళు ముట్టకనలే గదా అని, వొట్టి పాదాలే పిసుక్కుంట కూసుంటుండె. ఈ పిల్ల గట్లనే నిద్రవోతది."

నేను నేరుగా మల్లేశ్ దగ్గరికి వెళ్ళాను. "మీ అవ్వను తీసుకురా."

"ఆమెనా? ఇప్పుడెందుకు మేడమ్?"

అక్కడ సిస్టర్లు ఉన్నారు, నా జూనియర్ ఉంది. అందరి ముందే చెప్పాను. "రెండో నెలలో మీ అవ్వ నాకు జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పింది. నీ ముందే చెప్పింది. నేను వినకపోగా ఆమెనే తిట్టాను. అప్పుడే విని ఉంటే ఈ కళ్ళకు ఇంత ప్రమాదం వచ్చేది కాదు. తప్పు ఆమెది కాదు, నాది."

అతను నేలకేసి చూశాడు. "అంటే అవ్వ చెప్పిందే నిజమన్నట్టు. మేము పది నెలల సంది ఆమెను…" అని ఆగిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికల్లా లచ్చవ్వ వచ్చింది. సిస్టర్లు "యా ఆజీ", రండి అవ్వా, అంటూ స్టూలు వేశారు. ఆమె కూర్చుంది కానీ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. మా వరండాలో తల్లులు బిడ్డల ముఖాలు కప్పుకున్నట్టే ఆమె తన చేతులు కప్పుకుంది. అలా కప్పుకునేలా చేసింది నేనే.

"లచ్చవ్వా, నువ్వు చెప్పింది నేను వినలే. నీ చేతుల వల్ల ఏం కాలేదు. తప్పు నాది" అన్నాను.

"నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా. నా చేతుల సంగతి నాకెరుకనే. ఊర్లె జెప్పు."

"చెప్తాను."

"ఈడ గాదు. ఊర్లెకు వచ్చి జెప్పు."

"వచ్చి చెప్తాను."

అప్పుడు చేతులు బయటికి తీసింది. సిస్టర్ చూపించినట్టు కడుక్కుని, తుడుచుకుని, రెండు అరచేతులూ గబగబా రుద్దుకుంది. వెచ్చబడ్డాయో లేదో తన చెంపకే ఆనించి చూసుకుంది. నాకు పెద్దసార్ టీ గ్లాసు గుర్తొచ్చింది. మంచం కాళ్ళ వైపు నిలబడి, శ్రావణి కుడి పాదం అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో అరికాలు నిమిరింది. ఏడుపు ఒకసారి తెగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ తెగింది. పాప ఎక్కిళ్ళు పెడుతూనే ఆ పాదాన్ని నాయనమ్మ చేతిలోకి నెట్టింది. కాసేపటికి ఎడమ పాదం కూడా దుప్పటి కింద నుంచి వెతుక్కుంటూ వచ్చింది.

మంజుల గోడవైపు తిరిగి ఏడ్చింది. నా జూనియర్ కూడా ఏడ్చింది, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆ సాయంత్రానికి పాప ఏడుపు ఆగింది, దాంతో పాటు గొట్టంలో రక్తం కూడా తగ్గింది. ఆ మర్నాడు ఎడమ రెప్ప సన్నగా విచ్చుకుంది. లచ్చవ్వ ఆ రెండు రోజులూ పాదాల దగ్గరి నుంచి పైకి రాలేదు.

మీకు చెప్పేది

శ్రావణి ఇప్పుడు మూడో తరగతి. చదువు బాగానే వస్తుంది, మరాఠీలో గడగడా వాదిస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుంటుంది, కుడి కన్ను కొంచెం మందం. ముందే చేసి ఉంటే ఆ మందం ఉండేది కాదేమో. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. అయినా ఆ పిల్ల అద్దాలు తుడుచుకున్నప్పుడల్లా నాకు ఆ పది నెలలు గుర్తొస్తాయి, రావాలి కూడా.

అమ్మమ్మలకూ నాయనమ్మలకూ అన్నీ తెలుసని నేను చెప్పడం లేదు. ముక్కు తీర్చవచ్చని లచ్చవ్వ ఇప్పటికీ నమ్ముతుంది, నేను ఇప్పటికీ ఆమెతో పోట్లాడతాను. కానీ బిడ్డ తలను రోజూ తాకేది ఆమె, నేను తాకేది ఎప్పుడో ఒకసారి. ఆ తర్వాత ఏ బిడ్డ వచ్చినా నేను మొదట అడిగింది ఒకటే, నీళ్ళు పోసేదెవరు అని. ఆ మనిషి బయట ఉంటే లోపలికి పిలిచాను. ఊళ్ళో ఉంటే వచ్చే మంగళవారం తీసుకురమ్మన్నాను. ఇప్పటి కుర్ర డాక్టర్లు బిడ్డను చూడకముందే స్కాన్ తెరుస్తారు. తెరవండి, వద్దనను. ముందు ఇది అడిగి తెరవండి.

తప్పు చేస్తే ఒప్పుకోమని అందరూ చెప్తారు. ఒప్పుకోవడం ఎక్కడ అన్నది ఎవరూ చెప్పరు. గదిలో తలుపేసుకుని ఒప్పుకుంటే మీ మనసు తేలికపడుతుంది. మాట ఎక్కడిదాకా పాకిందో అక్కడిదాకా వెళ్ళి ఒప్పుకోవాలి.

ఇచ్చిన మాట

ఊరికి వెంటనే వెళ్ళలేదు. ఒక ఆదివారం పని ఉందనుకున్నాను, ఇంకో ఆదివారం ఒంట్లో బాగోలేదనుకున్నాను. మూడో ఆదివారం మా ఆయన కారు తాళం చెవి నా చేతిలో పెట్టి, "నువ్వు పోతావా, నన్ను పోయి చెప్పమంటావా" అన్నాడు.

మల్లేశ్ ఇంటి ముందు ఆడవాళ్ళంతా కూర్చున్నారు. కొత్త కోడళ్ళలో కొందరికి మరాఠీయే వచ్చు, అందుకని రెండు భాషల్లోనూ చెప్పాను. పాప తల పుట్టుకతోనే అలా ఉందని, ఎవరో చెయ్యి పెట్టడం వల్ల రాలేదని, ముందు కనిపెట్టింది లచ్చవ్వేనని, ఆమెను తప్పుపట్టిన నేనే తప్పు చేశానని చెప్పాను.

"గప్పుడెందుకు జెప్పలే మరి?" అని ఒక పెద్దావిడ నిలదీసింది.

"అప్పుడు నాకు తెలియలేదు. ఆమెకు తెలిసింది" అన్నాను.

లచ్చవ్వ గడప దగ్గర కూర్చుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. ఎదురింటి కోడలు ఒకతె లేచి వెళ్ళిపోయింది. నా మాట ఎక్కలేదనుకున్నాను. ఆమె తిరిగి వచ్చింది. ఒక చేతిలో ఇరవై రోజుల బిడ్డ, ఇంకో చేతిలో నూనె గిన్నె.

"అత్తా, జర నీళ్ళు పోస్తవా?" అంది.

లచ్చవ్వ వెంటనే లేవలేదు. తన కోడలి వైపు చూసింది. మంజుల అప్పటికే పీట తెచ్చి వాల్చింది, మల్లేశ్ నీళ్ళు కాగబెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. లచ్చవ్వ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. ఎదురింటి కోడలు బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. పది నెలలు దాటాక మొదటి బిడ్డ. నూనె చేత్తో పాదాలు పట్టి, పిక్కలు పట్టి, మెల్లగా పైకి వచ్చి, తల దగ్గర ఆగిపోయింది.

"ఇటు రా బిడ్డా" అని నన్ను పిలిచింది.

వెళ్ళి పక్కన కింద కూర్చున్నాను. నా అరచేతిలో నూనె వేసి, నా చెయ్యి పట్టుకుని ఆ బిడ్డ తల మీద పెట్టింది. నా వేళ్ళ మీద తన వేళ్ళు ఉంచి సందు దగ్గర, నొక్కిందో లేదో తెలియనంత మెల్లగా నొక్కింది. ఎముక అంచు కొద్దిగా కదిలింది, మళ్ళీ తన చోటికి వచ్చింది. అన్నాళ్ళూ నేను పట్టి చూసినవన్నీ జబ్బు తలలే, నా పిల్లలకు కూడా నీళ్ళు పోసింది మా అమ్మే. ఏ జబ్బూ లేని తలను, వెచ్చటి నూనెలో, తీరిగ్గా, ఎన్నడూ తాకలేదు.

"ఒదుగుతుందా?" అంది.

"ఒదుగుతోంది" అన్నాను.

"ఇది మంచి తల. దీన్ని నీ చేతికి యాదుంచుకో. అప్పుడు అది కానిదేందో నీ చెయ్యే చెప్తది."